ఇంటి కాక్‌పిట్: స్నాగ్ సరిగ్గా రాయండి, జవాబు దొరుకుతుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి కంప్యూటర్‌లో, సిమ్యులేటర్ మీద నడిపే ఎయిర్‌బస్ ఏ320 గురించే. ఒక మీట నొక్కితే లేచిపోయే ఆట విమానం కాదిది. బ్యాటరీ దగ్గర నుంచి హైడ్రాలిక్ పంపు దాకా అసలు విమానంలో ఏది ఎలా నడుస్తుందో ఇందులోనూ దాదాపు అలాగే నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఫ్లైబైవైర్ వాళ్ల ఏ320 నియో (కొత్త తరం ఇంజిన్లున్న ఏ320), ఎక్స్‌ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌లో జిబో బోయింగ్ 737 పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. అందుకే హాస్టల్ గదుల్లోనూ, రిటైరైన వాళ్ల ముందు గదుల్లోనూ కాక్‌పిట్‌లు వెలుస్తున్నాయి. విమానాల మధ్య బతికిన నాకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది?

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మనవి. నేను బేగంపేటలోనూ, 2008 మార్చిలో సర్వీసులు శంషాబాద్‌కు మారాక అక్కడా లైన్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను. విమానం ఆగాక పైలట్ టెక్‌లాగ్ అనే పుస్తకంలో రాసే లోపాన్ని మేం స్నాగ్ అంటాం. "ఆటోపైలట్ పనిచేయడం లేదు" అని రాసి వెళ్లిపోతే రాత్రంతా వెతికినా ఏమీ దొరకదు. అదే "క్రూజ్‌లో, 31 వేల అడుగుల దగ్గర ఆటోపైలట్ 1 దానంతట అదే తెగిపోయింది, ఆటోపైలట్ 2 బాగానే ఉంది" అని రాస్తే, టార్చి పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో అప్పుడే తెలిసిపోతుంది. మీరూ అలాగే రాయండి. విమానం ఏది, ఏ దశలో ఉంది, పీఎఫ్‌డీ (పైలట్ ముందుండే ప్రధాన తెర) పైవరసలో ఏ మాటలున్నాయి, దానికి ముందు మీరు చివరగా ఏం నొక్కారు. ఈ నాలుగూ కాగితం మీద పెడుతుండగానే చాలామందికి జవాబు తట్టేస్తుంది.

ప్రశ్న: సార్, ఫ్లైబైవైర్ ఏ320లో వీడియో చూస్తూ ఒక్కో స్విచ్ వేసుకుంటూ వచ్చాను. గ్రౌండ్ పవర్ ఇచ్చాను, తెరలన్నీ వెలిగాయి. ఇంజిన్ మోడ్ సెలెక్టర్ స్టార్ట్‌లో పెట్టి మాస్టర్ 2 ఆన్ చేస్తే ఏమీ జరగడం లేదు. ఎన్2 సున్నా దగ్గరే ఉంది. రెండుసార్లు రీ-ఇన్‌స్టాల్ చేశాను. ఇంకో సందేహం, ఒకటో ఇంజిన్ ఉండగా రెండోది ముందు ఎందుకు స్టార్ట్ చేస్తారు? — బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో "ఎన్2 సున్నా" అన్న ముక్క ఉంది చూశావా, జవాబంతా అందులోనే ఉంది. ఎన్2 అంటే ఇంజిన్ లోపలి రోటర్ తిరిగే వేగం.

ఈ ఇంజిన్ స్టార్టర్‌ను తిప్పేది కరెంటు కాదు, గాలి. తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఉంటుంది. అది ఒత్తిడితో పంపే గాలికి స్టార్టర్ తిరుగుతుంది, దాంతో ఎన్2 పెరుగుతుంది. ఆ తర్వాతే నిప్పురవ్వ, ఇంధనం. నువ్వు ఇచ్చిన గ్రౌండ్ పవర్, అంటే బయటి కరెంటు, తెరలు వెలిగించగలదు, లైట్లు వెలిగించగలదు, స్టార్టర్‌కు మాత్రం గాలి ఇవ్వలేదు. కాబట్టి తల మీదుండే ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో ఏపీయూ మాస్టర్, దాని కింద స్టార్ట్ నొక్కి, పచ్చగా "అవైల్" వచ్చేదాకా ఆగు. ఆ తర్వాత దాని గాలిని వదిలే ఏపీయూ బ్లీడ్ బటన్ నొక్కు. సిస్టమ్స్ స్థితి, హెచ్చరికలు చూపే ఈక్యామ్ కింది తెరలో బ్లీడ్ పేజీ తెరువు. ఏపీయూ వాల్వ్ తెరుచుకుని, పైన పీఎస్ఐలో ఒత్తిడి అంకె కనబడాలి. ఆ అంకె కనబడనిదే మాస్టర్ స్విచ్ జోలికి వెళ్లకు.

ఇక స్టార్ట్ చేశాక ఇంజిన్ పేజీ మీదే కళ్లు పెట్టు. ఎన్2 కదలకపోతే గాలి సంగతి చూడాలి. ఎన్2 తిరుగుతోంది కానీ ఫ్యూయల్ ఫ్లో సున్నా అంటే ఇంధనం సంగతి. ఫ్యూయల్ ఫ్లో వచ్చి, ఈజీటీ, అంటే ఇంజిన్ నుంచి వచ్చే వాయువుల వేడి, పెరగడం లేదంటే మంట అంటుకోలేదన్నమాట. ఎక్కడ ఆగిందో చూస్తే ఏది లేదో తెలిసిపోతుంది. అసలు విమానం దగ్గర నిలబడ్డ మేమూ ఇదే వరసలో చూస్తాం. ఇంకో మాట కూడా తెలుసుకో. అసలు నియో ఇంజిన్లు, ముఖ్యంగా ప్రాట్ అండ్ విట్నీవి, ఇంధనం ఇవ్వకముందు కొంతసేపు ఊరికే తిరుగుతాయి. ఆగి ఉన్నప్పుడు పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి రోటర్ కాస్త వంగుతుంది. అది సరికావడానికే ఆ తిప్పడం. కాబట్టి నియో స్టార్ట్ నిదానంగా జరిగితే అది లోపం కాదు.

రెండో ఇంజిన్ ముందు ఎందుకంటావా, దాని పంపు ఎల్లో హైడ్రాలిక్ సిస్టమ్‌కు ఒత్తిడి ఇస్తుంది. పార్కింగ్ బ్రేకు ఎల్లో సిస్టమ్ మీదే ఉంటుంది. విమానం కదలకుండా పట్టి ఉంచేదానికి ముందు బలం ఇవ్వడం పద్ధతి. రీ-ఇన్‌స్టాల్ మాత్రం ఇక చేయకు. నీ సమస్య ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో ఉంటే హార్డ్ డిస్క్‌ను ఎన్నిసార్లు తుడిచినా లాభం లేదు.

ప్రశ్న: నమస్తే సార్. విశాఖ నుంచి హైదరాబాద్‌కు ఏ320 నడుపుతుంటాను. క్రూజ్ దాకా బాగానే ఉంటుంది. దిగేటప్పుడే టెన్షన్. టాప్ ఆఫ్ డిసెంట్ గుర్తు దాటిపోయినా విమానం దిగడం మొదలుపెట్టదు. నాబ్ లాగి నేనే దించితే, రన్‌వే దగ్గరికి వచ్చేసరికి ఎత్తు ఎక్కువ, స్పీడు 250. రన్‌వేకు ఏ వాలులో దిగాలో చూపే రేడియో దారి, గ్లైడ్ స్లోప్, పట్టదు. — మెడికల్ రిప్రజెంటేటివ్, వరంగల్

జవాబు: ఈ ప్రశ్న చాలామంది అడిగారు. అందుకే కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు, విమానం ఎందుకు దిగలేదు? ఎయిర్‌బస్ మీరు చెప్పకుండా దిగదు. ఆటోపైలట్ నాబులుండే ఎఫ్‌సీయూ ప్యానెల్‌లో కింది ఎత్తు పెట్టి, ఆల్టిట్యూడ్ నాబ్‌ను లోపలికి నొక్కాలి. నొక్కితే విమానం తన కంప్యూటర్‌లో వేసుకున్న దారిన దిగుతుంది, పైవరసలో డీఈఎస్ అని వస్తుంది. నాబ్ లాగితే ఓపీ డీఈఎస్ (ఓపెన్ డిసెంట్) వస్తుంది. అంటే ఇంజిన్లు ఐడిల్‌కు, కనీస శక్తికి, వెళ్లిపోయి, స్పీడును ముక్కు వంచి కాపాడుకుంటూ, మీరు పెట్టిన ఎత్తు దాకా విమానం జారుతూనే ఉంటుంది. దారిలో ఉన్న ఎత్తు నియమాలేవీ దానికి పట్టవు. బోయింగ్ 737లో ఎత్తును చూసుకునే వీఎన్ఏవీ మోడ్ అయితే టైమ్‌కు దిగుతుంది, కానీ అక్కడా మీరు ముందుగా ఎంసీపీలో (ఎఫ్‌సీయూ లాంటి ప్యానెల్‌లో) కింది ఎత్తు పెట్టి ఉంచాలి. లేకపోతే "రీసెట్ ఎంసీపీ ఆల్ట్" అని అడిగి ఊరుకుంటుంది.

ఇప్పుడు లెక్క. కంప్యూటర్ గుర్తును నమ్మండి, కానీ మీ లెక్క మీకూ ఉండాలి. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు. విశాఖ నుంచి హైదరాబాద్ దాదాపు 270 మైళ్లు. పడమటి దిక్కు ప్రయాణం కాబట్టి సరి సంఖ్య లెవెల్, 32 వేల అడుగుల్లో ఉన్నారనుకుందాం. శంషాబాద్ సముద్రమట్టానికి 2 వేల అడుగుల ఎత్తున ఉంది. అంటే దిగాల్సింది 30 వేలు, కావలసింది 90 మైళ్లు. స్పీడు తగ్గించుకోవడానికి ఇంకో పది కలపండి. వెనక గాలి ఉంటే మరికాస్త. సుమారు వంద మైళ్ల దూరంలో దిగడం మొదలు కావాలి. 10 వేల అడుగులకు వచ్చేసరికి 35 మైళ్లు మిగిలి, స్పీడు 250కి తగ్గి ఉంటే మీరు చక్కగా ఉన్నట్టే. అక్కడ పాతిక మైళ్లే మిగిలితే అప్పుడే ఏదో ఒకటి చేయాలి. పది మైళ్ల దగ్గర చేసేదేమీ ఉండదు.

ఆ 2 వేల అడుగుల సంగతి ఇంకొంచెం చెబుతాను. గన్నవరంలో, విశాఖలో అలవాటైనవాళ్లు శంషాబాద్‌లో తడబడేది దీనివల్లే. మూడు డిగ్రీల గ్లైడ్ స్లోప్ మీద, రన్‌వేకు పది మైళ్ల దూరంలో నేల నుంచి సుమారు 3 వేల అడుగుల ఎత్తుండాలి. గన్నవరంలో ఆల్టిమీటర్ అక్కడ 3 వేల చిల్లర చూపిస్తుంది. శంషాబాద్‌లో 5 వేలు చూపించాలి. ఐదు మైళ్ల దగ్గర 3,500 కాస్త పైన. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకోండి.

స్పీడు ఎందుకు తగ్గలేదు? నాకు తెలిసి మీ విమానంలో అప్రోచ్ ఫేజ్, అంటే ల్యాండింగ్‌కు స్పీడు తగ్గించే దశ, యాక్టివేట్ కాలేదు. ప్లాన్‌లో ఉన్న దారినే వెళ్తూ డీసెల్ (స్పీడు తగ్గించడం మొదలయ్యే) గుర్తు దాటితే అది దానంతట అదే అవుతుంది. మీరు హెడింగ్ నాబ్ లాగి అడ్డదారిన వచ్చి ఉంటే కాకపోవచ్చు. అలాంటప్పుడు ప్లాన్ ఎక్కించే కీప్యాడ్, ఎంసీడీయూలో పెర్ఫ్ పేజీకి వెళ్లి "యాక్టివేట్ అప్రోచ్ ఫేజ్" నొక్కి, కన్ఫర్మ్ చేయండి. లేకపోతే విమానం పాపం 250 దగ్గరే పట్టుకుని కూర్చుంటుంది, తప్పు దానిది కాదు. యాక్టివేట్ చేయగానే టార్గెట్ గ్రీన్ డాట్‌కు, అంటే ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) వేయకుండా ఎగిరే స్పీడుకు, దిగుతుంది. 60 టన్నుల బరువుకు అది 205 నాట్ల దగ్గర ఉంటుంది. ఫ్లాప్స్ ఒక్కో మెట్టు వేసేకొద్దీ ఇంకా దిగుతూ వస్తుంది. ఫ్లాప్ 1కి 230, 2కి 200, 3కి 185, ఫుల్‌కు 177 నాట్లు దాటకూడదు.

శ్రీశైలం ఘాట్‌లో నిండు లోడుతో దిగే లారీ డ్రైవర్‌ను అడగండి, దిగడం, స్పీడు తగ్గడం రెండూ ఒకేసారి కుదరవంటాడు. ఏ320 అంతకన్నా నున్నటి బండి. ఐడిల్‌లో సమంగా ఎగురుతూ ఉంటే ఒక మైలుకు పది నాట్ల చొప్పున తగ్గుతుంది, దిగుతూ ఉంటే అదీ తగ్గదు. కాబట్టి ఎత్తు మిగిలిపోతే స్పీడ్‌బ్రేకు లాగండి. ఫ్లాప్స్ ఫుల్ వేశాక అది పనిచేయదు, గుర్తుంచుకోండి. అదీ చాలకపోతే గేర్ (చక్రాలు) దించేయండి. 250 నాట్ల లోపు ఎప్పుడైనా దించవచ్చు. పన్నెండు మైళ్ల దగ్గరే గేర్ దించడం చిన్నతనమేమీ కాదు, అనుభవమున్న పైలట్లు నిస్సంకోచంగా చేసే పని.

అయినా గ్లైడ్ స్లోప్‌కు పైన మిగిలిపోతే? అప్రోచ్ బటన్ నొక్కి, రన్‌వే మధ్యగీతకు తెచ్చే లోకలైజర్ పట్టాక, ఎఫ్‌సీయూలో ఎత్తును మీరున్న ఎత్తు కన్నా పైకి తిప్పేయండి. వర్టికల్ స్పీడ్ నాబ్ లాగి నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దించండి, 2 వేలు దాటనివ్వకండి. గ్లైడ్ స్లోప్ గుర్తు మధ్యకు వచ్చి జీ/ఎస్ అని పడుతుంది. నేల నుంచి వెయ్యి అడుగులకు వచ్చేసరికి గేర్, ఫ్లాప్స్, స్పీడు అన్నీ కుదిరి ఉండాలి. కుదరలేదా, గో అరౌండ్ చేయండి, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవండి. ఇంట్లో కూర్చుని గో అరౌండ్ చేయనివాళ్లు ఇంకెక్కడ నేర్చుకుంటారు?

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. నేల దగ్గర నాబ్ లాగి ఓపీ డీఈఎస్‌లో దిగకండి. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో దిగబోతూ ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం రన్‌వేకు ముందే నేలకు తగిలి కూలిపోయింది. అదీ ఏ320నే. 92 మంది చనిపోయారు. చివరి అప్రోచ్‌లో విమానం ఐడిల్ ఓపెన్ డిసెంట్‌లో ఉండిపోయింది, ఇంజిన్లు ఐడిల్‌లో ఉండగా స్పీడు పడిపోతూ వచ్చింది. అందుకే పైవరస చదవమని ఇన్నిసార్లు అడుగుతాను. ఆ వరసను ఎఫ్‌ఎంఏ అంటారు. ఫైనల్‌లో మొదటి గడిలో "స్పీడ్", రెండో గడిలో "జీ/ఎస్", మూడో గడిలో "లాక్" (లోకలైజర్) ఉండాలి. మొదటి గడిలో "థ్రస్ట్ ఐడిల్" కనబడితే వెంటనే సరిచేయండి. ఏ నాబ్ తాకినా, తాకిన తర్వాత ఆ వరసను పైకి చదవండి. ఇంట్లోవాళ్లు వింతగా చూసినా ఫర్వాలేదు.

ప్రశ్న: అంకుల్, ఇక్కడ 737తో పాటు యోక్, థ్రాటిల్, రడ్డర్ పెడల్స్ అన్నీ కొన్నాను. క్రూజ్‌లో ఉండగా ఆటోపైలట్ అప్పుడప్పుడూ సీడబ్ల్యూఎస్ అని చూపించి దారి తప్పుతుంది. కీబోర్డుతో నడిపిన రోజుల్లో ఇలా జరగలేదు. — సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: బాబూ, స్నాగ్ అంటే ఇలా రాయాలి. "కీబోర్డుతో జరగలేదు" అన్నావు, "సీడబ్ల్యూఎస్" అని గమనించావు. ఇక మిగిలింది కొంచెమే.

737లో ఆటోపైలట్ కమాండ్‌లో ఉండగా పైలట్ యోక్‌ను, అంటే స్టీరింగ్‌ను, బలంగా కదిపితే, "సరే, నీ చేతికే ఇస్తున్నా" అన్నట్టు కంట్రోల్ వీల్ స్టీరింగ్‌లోకి వెళ్తుంది. అదే సీడబ్ల్యూఎస్. నువ్వు యోక్ కదపలేదు, కానీ విమానానికి కదిపినట్టే కబురు వెళ్తోంది. యోక్ లోపల కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ దుమ్ముకో అరుగుదలకో అంకెలు ఎగరేస్తుంది. సిమ్యులేటర్ కంట్రోల్ సెట్టింగుల్లో సెన్సిటివిటీ పేజీ తెరిచి, యోక్ మీద చెయ్యి పెట్టకుండా ఆ గీతను కాసేపు చూడు. వణుకుతుంటే ఆ వణుకుకు సరిపోయేంత డెడ్ జోన్ (చిన్న కదలికల్ని పట్టించుకోని భాగం) పెట్టు, అంతకు మించి వద్దు. ఎక్కువ పెడితే ల్యాండింగ్‌లో చేతికి స్పర్శ తెలియదు.

గీత నిశ్చలంగా ఉందంటే రెండో అనుమానం. కొత్త పరికరం తగిలించగానే సిమ్యులేటర్ దానికి సొంతంగా కొన్ని పనులు అప్పగించేస్తుంది. నీ థ్రాటిల్ మీది మీటకో, పక్కన పడి ఉన్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కో ముక్కు ఎత్తి దించే ఎలివేటరో రెక్క వంచే ఐలరానో అంటగట్టి ఉండొచ్చు. ఒక్క యోక్ తప్ప అన్నీ తీసేసి ఎగురు. బాగుంటే ఇంకొకటి తగిలించు. ఒకేసారి రెండు మార్చకు. రెండు మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, అది సగం రిపేరే. అన్నీ సరిగ్గా ఉండి కూడా గంటా గంటన్నర తర్వాతే మొదలవుతోందంటే, విండోస్‌లో యూఎస్‌బీ పోర్టులకు కరెంటు ఆదా చేసే సెట్టింగ్ ఆపేసి చూడు.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ఖరీదైన కంట్రోల్స్ కొనిపెట్టమంటున్నాడు. వీటితో ప్రాక్టీస్ చేస్తే పైలట్ లైసెన్సుకు పనికొస్తుందా? — ఒక అమ్మ, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఇంట్లో ఎగిరిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు. డీజీసీఏ కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, అసలు విమానంలో 200 గంటలు ఎగరాలి. అలాగని దండగా కాదు. చార్టు చదవడం, చెక్‌లిస్టు ఓపికగా చేయడం, ఒక యంత్రం ఎలా ఆలోచిస్తుందో పట్టుకోవడం ఈ వయసులో వస్తే ఏ చదువుకైనా పనికొస్తుంది. ఖరీదైనవి ఇప్పుడేం వద్దు. ఏ320లో పైలట్ పట్టుకునేది కూడా చిన్న సైడ్‌స్టిక్కే కాబట్టి మామూలు జాయ్‌స్టిక్ చాలు. అందులోని స్లైడర్‌ను ఫ్లైబైవైర్ ఏ320లో ఉండే టాబ్లెట్, ఫ్లైప్యాడ్‌లోని థ్రాటిల్ కాలిబ్రేషన్ పేజీలో ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, టోగా మెట్లకు సరిచేసుకోమనండి. బాబుకు నా ఆశీస్సులు.

ప్రశ్న: భోజనానికి పిలిస్తే యాక్టివ్ పాజ్ పెట్టి వెళ్లాను. వచ్చి తీసేసరికి విమానం పిచ్చిపట్టినట్టు ముక్కు ఎత్తింది, దించింది. ఇంకోరోజు ప్లాన్‌లో గీత మధ్యలో తెగిపోయి, విమానం మలుపు తీసుకోకుండా తిన్నగా వెళ్లిపోయింది. — బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: యాక్టివ్ పాజ్ విమానాన్ని ఉన్నచోట నిలబెడుతుంది, అంతే. లోపలి సిస్టమ్స్ నడుస్తూనే ఉంటాయి, ఇంధనం కాలుతూనే ఉంటుంది. ముందుకు కదలని విమానాన్ని చూసి ఆటోపైలట్ కంగారుపడి ఏదేదో సరిచేయబోతుంది. ఆ కంగారంతా మీరు పాజ్ తీయగానే బయటపడుతుంది. నిజంగా వివరంగా చేసిన విమానాల్లో దాన్ని వాడకండి. ఎస్కేప్ నొక్కి మెనూలోకి వెళ్తే అన్నీ ఆగుతాయి, అది మంచిది.

గీత తెగిపోవడాన్ని డిస్‌కంటిన్యూటీ అంటారు. ఎక్కువగా స్టార్ (విమానాశ్రయానికి వచ్చే నిర్ణీత దారి) ముగిసేచోట, అప్రోచ్ మొదలయ్యేచోట వస్తుంది. విమానానికి అక్కడి నుంచి ఎటు వెళ్లాలో తెలియదు కాబట్టి ఎన్ఏవీ (ప్లాన్ దారి పట్టే మోడ్) వదిలేసి హెడింగ్‌లోకి మారి తిన్నగా పోతుంది. ఎంసీడీయూ ఫ్లైట్ ప్లాన్ పేజీలో ఆ గీత పక్కన సీఎల్ఆర్ నొక్కి చెరిపేయవచ్చు. కానీ చెరిపేముందు ఎన్‌డీ అనే మ్యాప్ తెరను ప్లాన్ మోడ్‌లో పెట్టి, పైనుంచి కిందికి ఒక్కో పాయింటూ చూడండి. కొన్ని చోట్ల ఆ ఖాళీ కావాలనే ఉంచుతారు, ఏటీసీ వెక్టర్లు (ఎటు తిరగాలో దిక్కులు) ఇచ్చే చోట. ప్లాన్ సింబ్రీఫ్ అనే వెబ్‌సైట్ నుంచి తెచ్చుకుంటుంటే ఇంకొకటి చూడండి. నావిగేషన్ డేటా ప్రతి 28 రోజులకూ మారుతుంది. ప్లాన్ ఒక సైకిల్‌ది, విమానం ఇంకో సైకిల్‌ది అయితే కొన్ని పేర్లు దొరకవు.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత సిమ్యులేటర్ లోడ్ అవుతూ డెస్క్‌టాప్‌కు వచ్చేస్తోంది. ఒకసారి లోడ్ అయినా ఏ320 తెరలు నల్లగా ఉన్నాయి. — డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఇవి రెండు వేర్వేరు స్నాగ్‌లు, కలపకు. మొదటిదానికి యాడ్-ఆన్‌లు పెట్టే కమ్యూనిటీ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఇంకో ఫోల్డర్‌లోకి తీసి, ఖాళీగా ఉంచి సిమ్యులేటర్ తెరువు. బాగా తెరుచుకుంటే సగం వెనక్కి పెట్టు. మళ్లీ ఆగిపోతే దోషి ఆ సగంలో ఉంది, దాన్ని మళ్లీ సగం చెయ్యి. యాభై యాడ్-ఆన్‌లు ఉన్నా ఆరేడు సార్లలో తేలిపోతుంది.

రెండోదానికి ముందు బ్యాటరీ వోల్టేజీ చూడు. ఓవర్‌హెడ్‌లో అంకె ఉంటుంది. పోయినసారి బ్యాటరీలు ఆన్‌లో వదిలేస్తే ఆ స్థితి అలాగే సేవ్ అయి ఉండొచ్చు. 25.5 వోల్టుల కన్నా తక్కువ ఉంటే గ్రౌండ్ పవర్ పెట్టి, బ్యాటరీలు ఆటోలో ఉంచి, ఓ ఇరవై నిమిషాలు చార్జ్ కానివ్వు. అసలు విమానంలోనూ మేం చేసేది అదే. వోల్టేజీ బాగుండి, కరెంటూ ఉండి తెర నల్లగా ఉందంటే ఆ తెర బ్రైట్‌నెస్ నాబ్ తిప్పి చూడు.

ప్రశ్న: రిటైర్డ్ లెక్కల మాస్టారిని. వయసు 68. మామూలుగా ఎగరడం, దిగడం పట్టుబడ్డాయి. ఇప్పుడు ఇంజిన్ ఫెయిల్యూర్ సాధన చేయాలని ఉంది. నేను చేయగలనా? — తెనాలి

జవాబు: మాస్టారూ, తప్పకుండా చేయగలరు. లెక్కలు చెప్పినవారికి ఉండే క్రమశిక్షణ దీనికి సగం బలం. పక్కన మనవడో మనవరాలో ఉంటే ఇంకా మంచిది. టేకాఫ్ అయ్యి గాలిలోకి లేచాక, మీకు చెప్పకుండా ఏదో ఒక ఇంజిన్ మాస్టర్ స్విచ్ ఆపేయమనండి. ఎప్పుడు ఆపుతారో తెలియకపోవడమే సాధన.

ఆగిన వెంటనే విమానం ఆ వైపుకు తిరగబోతుంది. రెండో వైపు కాలితో రడ్డర్ నెట్టండి. పీఎఫ్‌డీలో పైనున్న చిన్న గుర్తు నీలం రంగులోకి మారి ఉంటుంది, అది మధ్యకు వచ్చేదాకా నెట్టాలి. ముక్కు 12.5 డిగ్రీల దగ్గర పట్టండి. గేర్ ఎత్తండి. మోగుతున్న హెచ్చరికను ఆపండి. అంతే. నేల నుంచి 400 అడుగులు దాటేదాకా ఈక్యామ్‌లో ఏం రాసినా చదవకండి. అక్కడ పసుపు అక్షరాలు చూసి చెయ్యి అటు వెళ్లాలనిపిస్తుంది, వెళ్లనివ్వకండి. 100 అడుగులు దాటాక ఆటోపైలట్ పెట్టుకోవచ్చు, అది చేతగానితనం కాదు. 400 దాటి, విమానం కుదురుగా ఎక్కుతూ ఉంటే అప్పుడు ఈక్యామ్ ఒక్కో పంక్తీ చదివి చేయండి. ఏ స్విచ్ ముట్టుకునేముందైనా అది ఒకటో ఇంజిన్‌దా రెండోదా అని పైకి చెప్పండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 1972 డిసెంబర్ 29 రాత్రి న్యూయార్క్ నుంచి మయామీ వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానానికి నిజానికి పెద్ద లోపమేమీ లేదు. ముక్కు చక్రం దిగినట్టు చూపే పచ్చ దీపం వెలగలేదు, దానిలోని బల్బులు మాడిపోయాయి. సిబ్బంది 2 వేల అడుగుల్లో ఆటోపైలట్ పెట్టి, అందరూ ఆ దీపం మీద పడ్డారు. మధ్యలో ఎత్తు పట్టే పని తెగిపోయింది. విమానం మెల్లగా దిగిపోతుంటే చీకట్లో ఎవరూ చూడలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలి వంద మందికి పైగా పోయారు. నా ఉద్యోగమంతా లోపాలు వెతకడమే, అయినా నేల మీద నిలబడి వెతికాను. గాలిలో ఉన్నవాళ్లకు లోపం రెండో పని. ఇంట్లో కూడా లోపం వచ్చిన ప్రతిసారీ ముందు ఎత్తు, స్పీడు, ఎఫ్‌ఎంఏ చూసి, ఆ తర్వాతే కారణం వెతకండి. అన్నట్టు మీ సాధన ఎలా సాగుతోందో తప్పక రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: అన్నా, లైవ్ వెదర్ పెట్టుకుని గన్నవరంలో దిగాను. చక్రాలు నేలను తాకాక కూడా ఏ320 ఆల్టిమీటర్ 360 అడుగులు చూపిస్తోంది. చార్టులో విమానాశ్రయం ఎత్తు 80 అడుగుల పైచిలుకే. ఎస్‌టీడీ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. క్యూఎన్‌హెచ్ 1003 అని ఉంది. — పాలిటెక్నిక్ విద్యార్థి, ఏలూరు

జవాబు: పైకి ఎక్కేటప్పుడు ఆల్టిమీటర్‌కు ఒత్తిడి అంకె పెట్టే బారో నాబ్ లాగి స్టాండర్డ్‌లో పెట్టావు, దిగేటప్పుడు తిరిగి మార్చలేదు. స్టాండర్డ్ అంటే 1013. సముద్రమట్టం లెక్కన అక్కడి గాలి ఒత్తిడి, అంటే క్యూఎన్‌హెచ్, 1003. పది హెక్టాపాస్కల్ తేడా, ఒక్కోదానికి దాదాపు 28 అడుగులు, మొత్తం 280. మీటర్ ఉన్నదాని కన్నా అంత ఎక్కువ చూపిస్తోంది, అంటే నువ్వు అనుకున్నదాని కన్నా కింద ఉన్నావు. ఐఎల్‌ఎస్ (లోకలైజర్, గ్లైడ్ స్లోప్ ఇచ్చే వ్యవస్థ) మీద దిగితే రేడియో కిరణం పట్టుకుని వచ్చేస్తావు కాబట్టి బయటపడదు, ఐఎల్‌ఎస్ లేనిచోట ఈ తేడా ప్రమాదం. వర్షాకాలంలో మన దగ్గర క్యూఎన్‌హెచ్ ఇలా తక్కువగానే ఉంటుంది. స్టాండర్డ్ నుంచి మార్చాల్సిన ఎత్తు, ట్రాన్సిషన్ లెవెల్ దాటి కిందికి వస్తుండగానే నాబ్ నొక్కి ఏటిస్ (విమానాశ్రయ వాతావరణ ప్రకటన) చెప్పిన అంకె పెట్టు. నాబ్ చుట్టూ ఉన్న రింగ్ అంగుళాల్లో కాకుండా హెక్టాపాస్కల్‌లో ఉందో లేదో కూడా చూసుకో. ఇప్పుడు రన్‌వే మీదే ఉన్నావుగా, 1003 పెట్టి చూడు, మీటర్ ఎనభై దగ్గరికి వచ్చేస్తుంది.